నలభై ఏళ్ల తర్వాత వచ్చే ఆయాసం

బొగ్గుతో నడిచే పెద్ద విద్యుత్ కేంద్రంలో బాయిలర్ నుంచి టర్బైన్‌కు వెళ్లే ఆవిరి 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ వేడికి ఉక్కు పైపు చీకట్లో మసక ఎరుపుగా కనిపించడం మొదలెడుతుంది. దానిమీద ఏ కప్పూ లేకపోతే బొగ్గు కాల్చి పుట్టించిన వేడిలో కొంత టర్బైన్ చేరకముందే గాలిలో కలిసిపోతుంది, పక్కన నడిచే మనిషి ఒళ్లు కాలుతుంది. అందుకే బాయిలర్‌కీ, ఆవిరి పైపులకీ, వాల్వులకీ, టర్బైన్ పైతొడుగుకీ మందమైన కప్పు వేస్తారు. ప్లాంట్లలో దాన్ని లాగింగ్ అంటారు. పైకి కనిపించేది అల్యూమినియం రేకు. రేకు కింద ఇనుప వల, వల కింద కొన్ని అంగుళాల మందాన వేడిని ఆపే సరుకు. గత శతాబ్దంలో చాలా కాలం ఆ సరుకులో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉండేది.

ఇంజినీర్లు దాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. అది నిప్పులో కాలదు, తుప్పు పట్టదు, కుళ్లదు. పుట్టుకకు రాయే అయినా నారలా విడిపోతుంది కాబట్టి దారం వడకొచ్చు, గుడ్డ నేయొచ్చు, తాడు పేనొచ్చు, నీళ్లతో కలిపి ముద్దచేసి పూయొచ్చు. చాలా దేశాల్లో దశాబ్దాలపాటు ఆవిరి పైపులకు వాడిన ‘85 శాతం మెగ్నీషియా’ అనే సరుకులో మిగతా 15 శాతం సాధారణంగా ఆస్బెస్టాసే. టర్బైన్‌కు కప్పే మెత్తలు ఆస్బెస్టాస్ గుడ్డతో కుట్టినవి. బాయిలర్ తలుపుల అంచున బిగించే తాడు, పైపు ఫ్లాంజీల మధ్య పెట్టే గ్యాస్కెట్, వాల్వు కాడ చుట్టూ దట్టించే గ్లాండ్ ప్యాకింగ్, నిప్పురవ్వలు పడకుండా వెల్డర్లు పరిచే దుప్పటి, సర్క్యూట్ బ్రేకర్లలో మెరుపును ఆర్పే పలకలు, క్రేన్ల బ్రేకు లైనింగులు, వీటన్నిటిలోనూ అదే ఉండేది. 1960ల్లోనో 70ల్లోనో కట్టిన ప్లాంటులో టన్నుల కొద్దీ ఆస్బెస్టాస్ ఉండటం ప్రపంచంలో ఎక్కడైనా మామూలు సంగతే.

చెక్కు చెదరకుండా ఉన్నంతకాలం లాగింగ్ ఎవరినీ ఏమీ చేయదు. ప్రమాదమంతా దాన్ని విప్పేటప్పుడే. థర్మల్ ప్లాంటులో విప్పడమన్నది తప్పించుకోలేని పని.

యూనిట్ ఆపి, బాయిలర్ చల్లారాక ఓవర్‌హాలింగ్ మొదలవుతుంది. ఆ కొన్ని వారాలు ప్లాంటు నిండా కాంట్రాక్టు మనుషులే. పరంజాలు లేస్తాయి. అందరికంటే ముందు లాగింగ్ ముఠా దిగుతుంది. పైకప్పు తీస్తే తప్ప ట్యూబుల్లో పగుళ్లు చూడటానికీ, వాల్వులు విప్పడానికీ వీలుండదు. రేకు స్క్రూలు ఊడదీస్తారు. ఇనుప వలను ప్లయర్‌తో తెంపుతారు. ఏళ్ల తరబడి వేడికి ఎండిపోయిన తెల్లటి సరుకు సుత్తి దెబ్బకు పెళ్లలుగా ఊడి, కింద పడేసరికి సగం పొడి అవుతుంది. బాయిలర్ చుట్టూ ఉండే అంతస్తులు చాలావరకు కాంక్రీటువి కావు, ఇనుప జాలీలు. ఎనిమిదో అంతస్తులో రాలిన దుమ్ము ఏడు జాలీలు దాటుకుంటూ దిగుతుంది. ఆ దారిలో వెల్డర్ ఉంటాడు, కేబుళ్లు లాగే ఎలక్ట్రీషియన్ ఉంటాడు, పంపు విప్పుతున్న ఫిట్టర్ ఉంటాడు, అన్నిటికంటే అడుగున చీపురుతో ఊడ్చే ఆడమనిషి ఉంటుంది. వీళ్లలో లాగింగ్ పని చేస్తున్నది ఒక్కరూ కారు. పీల్చేది మాత్రం అందరూ అదే గాలి.

ఫిట్టర్ దగ్గర పుట్టే దుమ్ము ఇంకో రకం. ఫ్లాంజి విప్పాక పాత గ్యాస్కెట్ ఒక పట్టాన ఊడిరాదు. వేడికీ పీడనానికీ లోహాన్ని అంటుకుపోతుంది. దాన్ని ఉలితోనో, వైర్ బ్రష్‌తోనో, తొందరగా ఉంటే గ్రైండర్‌తోనో గీకుతారు. ఆ గీకేవాడి ముఖం ఫ్లాంజికి జానెడు దూరంలో ఉంటుంది. గ్లాండ్ లోపలి పాత ప్యాకింగును వంకీతో లాగి, మిగిలిన పొడిని కంప్రెసర్ గొట్టంతో ఊదేస్తారు. పని ముగిశాక కొత్త లాగింగ్. ఆస్బెస్టాస్ వాడిన రోజుల్లో బస్తా విప్పి, పొడిని తొట్టిలో కుమ్మరించి, నీళ్లు పోసి చేత్తో కలిపేవారు. బస్తా కుమ్మరించే ఆ క్షణంలో లేచే తెల్లటి మేఘాన్ని అప్పట్లో ఎవరూ ప్రమాదంగా చూడలేదు. మసి, బూడిద, బొగ్గుపొడి మధ్య తెల్లటి దుమ్మే అన్నిటికంటే శుభ్రంగా కనిపించేది.

ఆ మేఘంలో కంటికి కనిపించే భాగం వల్ల పెద్ద హాని లేదు. పెద్ద తునకలు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. చంపేది కనిపించని భాగం.

రాతినార ఒకే ఖనిజం కాదు. విద్యుత్ కేంద్రాల్లో ముఖ్యంగా మూడు రకాలు వాడారు: తెల్లటి క్రైసోటైల్, గోధుమరంగు అమోసైట్, నీలిరంగు క్రొసిడోలైట్. క్రైసోటైల్ మెగ్నీషియం సిలికేటు. దాని అణువుల పొరలు రెండు వైపులా సమానంగా ఉండవు కాబట్టి చాప చుట్టుకున్నట్టు తమలోకి తాము చుట్టుకుపోతాయి. అలా ఏర్పడిన ఒక్కో నూలుపోగు వ్యాసం మీటరులో వంద కోట్ల వంతులు ఒక ముప్పై దాకా ఉంటుంది, అంటే తల వెంట్రుకలో రెండువేలో వంతుకంటే సన్నం. మిగతా రెండూ ఆంఫిబోల్ జాతివి. వాటి పోగులు వంకర లేకుండా సూటిగా, బిరుసుగా ఉంటాయి. ఊపిరితిత్తుల్లో క్రైసోటైల్ కొంతవరకు కరిగి విరిగిపోతుంది. ఆంఫిబోల్ పోగు మాత్రం మనిషి బతికున్నంత కాలం ఉండిపోగలదు. ఆ తేడా చూపించి తెల్లది క్షేమమని వాదించేవాళ్లున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మాత్రం అన్ని రకాలనూ మనిషికి క్యాన్సర్ తెస్తాయని రుజువైన మొదటి వర్గంలోనే ఉంచింది.

మైక్రోస్కోపు కింద లెక్కించేటప్పుడు ఏది ‘పోగు’ అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఉంది. పొడవు 5 మైక్రాన్లు దాటాలి, వెడల్పు 3 మైక్రాన్లకు లోపుండాలి, పొడవు వెడల్పుకు కనీసం మూడు రెట్లుండాలి. కార్మికుడి కాలరుకు చిన్న వడపోత బిళ్ల తగిలించి, నడుముకు కట్టిన పంపుతో గాలిని దాని గుండా లాగుతారు. తర్వాత ఆ బిళ్లను అసిటోన్ ఆవిరితో గాజులా పారదర్శకం చేసి, మైక్రోస్కోపులో గీసి ఉన్న వృత్తం లోపల పడిన పోగులను ఒక్కొక్కటిగా మనిషే లెక్కపెడతాడు. ఓపిక పరీక్షించే పని. అయినా మామూలు మైక్రోస్కోపుకు అతి సన్నటి పోగులు కనిపించనే కనిపించవు. వాటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

ఈ లెక్కల్లో ఒకదాన్ని మనిషి ఊపిరితో పోల్చి చూస్తే విషయం తేలుతుంది. అమెరికాలో ఎనిమిది గంటల షిఫ్టుకు అనుమతించే పరిమితి మిల్లీలీటరు గాలికి 0.1 పోగు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఒళ్లు వంచి పనిచేసే మనిషి ఒక షిఫ్టులో దాదాపు పది ఘనపు మీటర్ల గాలి, అంటే కోటి మిల్లీలీటర్లు పీలుస్తాడు. పరిమితికి లోబడి పనిచేసినా రోజుకు పది లక్షల పోగులు. యూరోపియన్ యూనియన్ 2023లో ఈ పరిమితిని 0.01కి దించడంలో ఆశ్చర్యం లేదు. పాత లాగింగును తడపకుండా పొడిగా విప్పేచోట మాత్రం మిల్లీలీటరుకు పదుల కొద్దీ, ఒక్కోసారి వంద దాటి పోగులు తేలుతాయి. పరిమితికి వెయ్యి రెట్లు.

లోపలికి పోయిన పోగుకు ఏమవుతుంది? ఊపిరితిత్తుల చివర గాలితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు కాపలా ఉంటాయి. ఏ దుమ్ము కణం వచ్చినా దాన్ని మింగి, జీర్ణం చేసుకుని, లేదంటే మోసుకెళ్లి బయటికి పంపడం వాటి పని. మాక్రోఫేజ్ వెడల్పు పది, ఇరవై మైక్రాన్లు. అంతకంటే పొడవైన పోగు ఎదురైతే ఆ కణం ఒక కొసను మింగగలుగుతుంది, రెండో కొస బయటే ఉండిపోతుంది. మింగలేదు, వదలదు. దాంతో కణం లోపల దాచుకున్న రసాయనాలు బయటికి కారి చుట్టూ ఉన్న కణజాలాన్ని కాలుస్తాయి. ఒక కణం చనిపోతే ఇంకొకటి వస్తుంది, అదే పోగుమీద అదే ఓటమి. పోగులోని ఇనుము ఈ మంటను మరింత పెంచుతుంది. కొన్ని పోగుల చుట్టూ శరీరం ఇనుము కలిసిన ప్రొటీను పూత పూసి బంధించడానికి చూస్తుంది. అవి గోధుమరంగు డంబెల్ ఆకారంలో మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపిస్తాయి. వైద్యులు వాటిని ఆస్బెస్టాస్ బాడీలంటారు. మనిషి ఎక్కడ పనిచేశాడో కాగితాలు చెప్పకపోయినా అవి చెబుతాయి.

ఏళ్ల తరబడి సాగే ఈ మంట వల్ల ఊపిరితిత్తుల అడుగు భాగాలు మచ్చకట్టి గట్టిపడతాయి. అదే ఆస్బెస్టోసిస్. మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు, వేళ్ల కొసలు ఉబ్బడం దాని లక్షణాలు. స్టెతస్కోపు పెట్టి వింటే ఊపిరి తీసేటప్పుడు చివర్లో చిటపటమని సన్నటి శబ్దం వస్తుంది. మచ్చకట్టిన ఊపిరితిత్తిని మళ్లీ మామూలు చేసే మందు లేదు. కొన్ని పోగులు ఊపిరితిత్తిని దాటి దాని పైపొర అయిన ప్లూరాను చేరతాయి. అక్కడ పుట్టే క్యాన్సర్ మీసోథీలియోమా. అది చాలా అరుదైన జబ్బు, పుట్టిన చోటల్లా దాదాపుగా ఆస్బెస్టాస్ జాడ ఉంటుంది. బయటపడ్డాక చాలామంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతకరు. ఇక మూడోది మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్. దీన్ని పొగ ఖాతాలో వేసి వదిలేయడం తేలిక. కానీ అమెరికా లాగింగ్ కార్మికుల మీద జరిగిన పెద్ద అధ్యయనం 1979లో చూపించిందేమిటంటే, ఆస్బెస్టాసూ పొగా రెండూ లేనివాళ్లతో పోలిస్తే పొగ మాత్రమే తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణం ముప్పు దాదాపు 11 రెట్లు, ఆస్బెస్టాస్ మాత్రమే పీల్చినవాళ్లకు 5 రెట్లు, రెండూ ఉన్నవాళ్లకు 53 రెట్లు. పదకొండూ అయిదూ కలిస్తే పదహారు కావాలి. ఇక్కడ ఒకటి రెండోదాన్ని హెచ్చవేసింది. అందుకే పాత లాగింగ్ కార్మికుడికి ఈ రోజు డాక్టర్ చేయగల అన్నిటికంటే పెద్ద మేలు అతనితో బీడీ మాన్పించడం.

దీన్నంతటినీ కష్టతరం చేసేది కాలం. ఆస్బెస్టోసిస్ బయటపడటానికి పది, ఇరవై ఏళ్లు పడుతుంది. మీసోథీలియోమాకైతే సాధారణంగా ముప్పై, నలభై ఏళ్లు. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్ వాడకం 1960, 70ల్లో శిఖరాన ఉంది. నీలి, గోధుమ రకాలను 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించారు. మీసోథీలియోమా మరణాలు మాత్రం 2010ల దాకా పెరుగుతూనే పోయాయి. ఇప్పటికీ ఏటా రెండువేలకు పైగా జరుగుతున్నాయి. నిషేధం వచ్చిన రోజున చావులు ఆగవు. అంతకు ముందు పీల్చిన గాలికి ఇంకో రెండు తరాలు మూల్యం చెల్లిస్తాయి.

ప్రమాదం తెలియక జరిగిందంటే కొంతైనా సరిపెట్టుకోవచ్చు. కానీ తెలిసింది చాలా ముందే. బ్రిటన్‌లోని రోచ్‌డేల్‌లో ఆస్బెస్టాస్ నూలుమిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో ముప్పై మూడేళ్ల వయసులో చనిపోతే, విలియం కుక్ అనే వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి వైద్య పత్రికలో రాశాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు ప్రభుత్వ అధికారులు మిల్లు కార్మికులను పరీక్షించి, ఎంత ఎక్కువ కాలం దుమ్ములో ఉంటే అంత ఎక్కువమందికి జబ్బు వస్తోందని నివేదిక ఇచ్చారు. 1931లో నియమాలు వచ్చాయి. ఆ నియమాలు ప్రధానంగా ఆస్బెస్టాస్ సరుకు తయారుచేసే ఫ్యాక్టరీలకే. ఆ సరుకును తీసుకెళ్లి ఓడలోనో విద్యుత్ కేంద్రంలోనో పూసి విప్పే లాగింగ్ కార్మికుడికి అదే రక్షణ అందడానికి 1969 నాటి కొత్త నియమాల దాకా ఆగాల్సి వచ్చింది. దాదాపు నలభై ఏళ్లపాటు చట్టం తయారీని చూసింది, వాడకాన్ని చూడలేదు. విద్యుత్ కార్మికుల కథలో అసలు అన్యాయం అక్కడుంది.

ఆ చూపును మార్చినవాడు అమెరికా వైద్యుడు ఇర్వింగ్ సెలికాఫ్. న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో ఆయనకు చిన్న క్లినిక్ ఉండేది. అక్కడి ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ కార్మికులు కొందరు తన దగ్గరికి వచ్చి ఒకే రకం జబ్బులతో చనిపోవడం ఆయన గమనించాడు. ఫ్యాక్టరీలోనే ఇలా ఉంటే ఆ సరుకును వాడే లాగింగ్ కార్మికుల సంగతేమిటన్నది ఆయన ప్రశ్న. కంపెనీ రికార్డులివ్వలేదు. అప్పుడు న్యూయార్క్, న్యూజెర్సీ లాగింగ్ కార్మికుల యూనియన్ తన సభ్యత్వ పుస్తకాలు తెరిచి ఆయన ముందు పెట్టింది. ఎవరు ఏ సంవత్సరం పనిలో చేరారో, ఎవరు ఎప్పుడు పోయారో పేరు పేరునా అందులో ఉంది. 1943కు ముందు చేరిన 632 మంది జాబితా పట్టుకుని ఆయన బృందం ఒక్కొక్కరి కథా తవ్వింది. అంతమందిలో ఊపిరితిత్తులు, ప్లూరా క్యాన్సర్లతో ఆరేడుగురు చనిపోవడం మామూలు. చనిపోయింది 45 మంది. 1964లో ఆ ఫలితం అచ్చయ్యాక, ఆస్బెస్టాస్ ‘వాడేవాళ్ల’ సంగతి పక్కకు నెట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఆ అధ్యయనంలో గొప్ప యంత్రాలేమీ లేవు. యూనియన్ ఏళ్ల తరబడి జాగ్రత్తగా రాసి పెట్టిన పేర్ల జాబితా ఉంది. మరుసటి ఏడాది లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మీసోథీలియోమా రోగుల బతుకుల్ని వెనక్కి వెతుక్కుంటూ పోతే, ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్లు కూడా కనిపించారు. వాళ్లు చేసినదల్లా ఇంట్లో మగవాళ్ల పనిబట్టలు ఉతకడం. ఆ అధ్యయనమూ ఆసుపత్రి దాచిన పాత కేసు కాగితాల మీదే నిలబడింది.

మన దేశంలో ఈ ప్రశ్న కోర్టు మెట్లెక్కింది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు ఇచ్చింది. ధర్మాసనం తరఫున తీర్పు రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు చెప్పింది. అందరూ ఉటంకించేది ఈ వాక్యాన్నే. అంతకంటే విలువైనది దాని వెనక వచ్చే ఆదేశం: పరిశ్రమలు ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ అతను పనిలో చేరిన రోజు నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా భద్రపరచాలి. ఆ నలభై అన్న సంఖ్య గాలిలోంచి రాలేదు. జబ్బు తీసుకునే గడువునే కోర్టు రికార్డుకు గడువుగా పెట్టింది. విజ్ఞానాన్ని ఇంత సూటిగా చట్టంలోకి తెచ్చిన తీర్పులు మన దగ్గర తక్కువ.

విద్యుత్ కేంద్రాల వంతు ఆ తర్వాత వచ్చింది. వృత్తి ఆరోగ్యం కోసం పనిచేసే ఒక సంస్థ బొగ్గు విద్యుత్ కేంద్రాల కార్మికుల ఆరోగ్యం గురించి 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక కోర్టు ముందుకొచ్చింది. 2014 జనవరి 31న న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీ తీర్పునిస్తూ, థర్మల్ కేంద్రాలున్న రాష్ట్రాల హైకోర్టులు తమ పరిధిలోని కేంద్రాల్లో కార్మికుల ఆరోగ్య పరిస్థితిని పరిశీలించాలని కోరారు. బొగ్గుపొడి, బూడిద, చప్పుడు, వేడి, ఆస్బెస్టాస్, ఇవన్నీ ఒకే మనిషి మీద ఒకేసారి పడతాయన్నది ఆ కేసు సారాంశం.

కాగితం మీద కార్మికుడికి రక్షణ లేదనలేం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో ఆస్బెస్టోసిస్ తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ఉండేది. అప్పటిదాకానే ఉన్న ఉద్యోగుల నష్టపరిహార చట్టం షెడ్యూల్లో ఆస్బెస్టోసిస్ ఉండేది, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా కూడా ఉండేవి. చిక్కు ఏమిటంటే ఆ పరిహారం అడగడానికి ముందు, ఫలానా సంవత్సరం ఫలానా ప్లాంటులో తాను పనిచేశానని రుజువు చూపాలి. పర్మనెంటు ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు ఉంటుంది, కంపెనీ ఆసుపత్రి ఉంటుంది, ఏటేటా పరీక్షలుంటాయి. లాగింగ్ విప్పిన మనిషి సాధారణంగా కాంట్రాక్టరు కింద మరో చిన్న కాంట్రాక్టరు తెచ్చిన ముఠాలోవాడు. ఒక షట్‌డౌన్ అవగానే ఇంకో ఊరు, ఇంకో ప్లాంటు. అతనికి సంబంధించి ప్లాంటులో మిగిలేది గేటుపాసు పుస్తకంలో ఒక వరస, మేస్త్రీ మస్టరులో కొన్ని టిక్కులు. ముప్పై ఏళ్ల తర్వాత ఆయాసంతో మంచం పట్టినప్పుడు ఆ మస్టరు ఎక్కడా ఉండదు.

కొన్ని వారాల పనికి ఇంత జబ్బు వస్తుందా అని అడిగేవాళ్లకు సమాధానం ఉంది. మొత్తం మోతాదును మిల్లీలీటరుకు ఎన్ని పోగులు, ఎన్నేళ్లు అన్న గుణకారంతో కొలుస్తారు. ఆ లెక్కలో 25 చేరితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెండింతలవుతుందని 1997లో హెల్సింకీలో నిపుణులు ఒక ప్రమాణం పెట్టారు. మిల్లీలీటరుకు ఒక పోగున్న చోట అది పాతికేళ్ల పని. యాభై పోగులున్న చోట ఆరు నెలలు. ఏడాదికి ఆరేడు వారాలు పొడి లాగింగ్ విప్పే మనిషి నాలుగైదు ఏళ్లలో అక్కడికి చేరతాడు. మీసోథీలియోమాకైతే అంత కూడా అక్కర్లేదు, ఇంత లోపు పీలిస్తే ఏం కాదని చెప్పగల గీత ఎవరూ గీయలేకపోయారు.

ఇక డాక్టర్ దగ్గర. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఛాతీలో నీరు. మన ఆసుపత్రుల్లో ఈ నాలుగూ వినగానే మొదట గుర్తొచ్చేది టీబీ. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఆ అనుమానం తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు. ఆరు నెలలు టీబీ మందులు వాడి, తగ్గక, మళ్లీ మొదలుపెట్టి, ఆలోగా ఊపిరితిత్తి ఇంకొంత గట్టిపడుతుంది. స్పైరోమెట్రీలో ఊది చూస్తే ఊపిరితిత్తిలో పట్టే గాలి తగ్గినట్టు తెలుస్తుంది. ప్లూరా మీద సున్నపు మచ్చలు ఎక్స్‌రేలోనే కనిపించవచ్చు, సీటీలో ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఇవేవీ ఖరీదైన విద్యలు కావు. ముందు అడగాల్సిన ప్రశ్న అడగాలి. ‘ఏం పని చేస్తావు’ అంటే చాలదు. అరవై అయిదేళ్ల మనిషి ఇప్పుడు వ్యవసాయం చేస్తానంటాడు, లేదా ఖాళీ అంటాడు. ‘కుర్రతనం నుంచి ఎక్కడెక్కడ, ఏమేం పనులు చేశావు’ అని అడిగితే అప్పుడు వస్తుంది ఆ రెండు మూడేళ్ల షట్‌డౌన్ కథ.

తెలుగు నేలకు రాతినారతో చుట్టరికం పాతది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె దగ్గర, డోలమైటు రాయిలోకి కరిగిన అగ్నిశిల చొచ్చుకొచ్చిన చోట తెల్లటి క్రైసోటైల్ పుట్టింది. దేశంలో క్రైసోటైల్‌కు పేరున్న గనులు అవే. ఇప్పుడు దేశంలో గనులకు కొత్త లీజులు లేవు, సరుకు మాత్రం రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుంచి ఏటా లక్షల టన్నుల్లో దిగుతోంది. అందులో అత్యధిక భాగం సిమెంటు రేకులకే పోతుంది. కొత్త విద్యుత్ కేంద్రాల్లో లాగింగ్ ఇప్పుడు రాతి ఉన్నిదీ, కాల్షియం సిలికేటుదీ, గ్యాస్కెట్లు గ్రాఫైటువి. సిరామిక్ ఫైబర్ కూడా వాడతారు, అయితే దాన్ని కూడా దుమ్ము లేవకుండానే వాడాలి, ఎక్కువ వేడిలో ఏళ్లు గడిస్తే అందులో ఊపిరితిత్తులకు చెరుపు చేసే స్ఫటికం ఏర్పడుతుంది.

కొత్త ప్లాంట్ల సంగతి అలా ఉంచితే, ఇప్పుడు పాతవి నేలకొరుగుతున్న కాలం. ఆస్ట్రేలియాలోని లాట్రోబ్ లోయ ఈ దారిలో మనకంటే ముందుంది. అక్కడి విద్యుత్ కేంద్రాల కార్మికుల్లో ఆస్బెస్టాస్ జబ్బులు ఎంత ఎక్కువంటే బాధితుల కోసం ప్రత్యేకంగా సంఘాలే పుట్టాయి. ఆ లోయలోని 1,600 మెగావాట్ల హేజెల్‌వుడ్ కేంద్రం 2017 మార్చిలో మూతపడింది. దాని ఎనిమిది చిమ్నీలు 2020 మే నెలలో కూలాయి. ఆ మూడేళ్లలో జరిగిన పనుల్లో ఆస్బెస్టాస్ తీయడం ముఖ్యమైనది.

మన దగ్గర పాల్వంచలో 1966 నుంచి 1978 మధ్య ఎనిమిది యూనిట్లతో 720 మెగావాట్ల మేరకు కట్టిన పాత కొత్తగూడెం థర్మల్ కేంద్రం మూతపడింది. 2024 ఆగస్టులో దాని ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి కూల్చిన దృశ్యాన్ని టీవీల్లో తెలుగువాళ్లంతా చూశారు. ఆ తరానికి చెందిన ప్లాంటును దేశంలో ఎక్కడ విప్పినా మొదటి గ్యాస్ కట్టర్ వెలిగించే ముందు వేయాల్సిన ప్రశ్న ఒకటే: లాగింగ్‌లో, గ్యాస్కెట్లలో, టవర్ల లోపలి పలకల్లో ఏముంది? దానికి జవాబు అంచనాలతో దొరకదు. ప్రతి చోటునుంచి చిటికెడు నమూనా తీసి ప్రయోగశాలకు పంపాలి. ఆస్బెస్టాస్ ఉందని తేలిన చోటు చుట్టూ ప్లాస్టిక్ తెరలు కట్టి, లోపలి గాలిని వడపోత గుండా బయటికి లాగాలి. సబ్బునీటిలాంటి తడిపే ద్రావణంతో లాగింగును నానబెట్టి, తడిగానే విప్పి, రెండు పొరల సంచుల్లో కట్టి, ప్రమాదకర వ్యర్థంగా పూడ్చాలి. కంప్రెసర్ గాలి, పొడి చీపురు అక్కడ కనిపించకూడదు. మూతికి కట్టుకునే జేబురుమాలు ఈ పోగులను ఆపలేదు, ముఖానికి బిగుతుగా అతుక్కునే అసలైన వడపోత మాస్కు కావాలి. స్నానం చేసి బట్టలు అక్కడే వదిలి ఇంటికి పోవాలి. ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. ఖర్చు, ఆలస్యం మాత్రం ఉంటాయి. తుక్కు టెండరు వేసేవాడు టన్ను ఇనుముకు ఎంతొస్తుందో లెక్క చూసుకుంటాడు కాబట్టి ఈ ఖర్చును టెండరులో ముందే రాసిపెట్టాల్సిన బాధ్యత ప్లాంటుదే.

ఇంకో బాధ్యత కూడా ప్లాంటే నెత్తిన వేసుకోవాలి. తుక్కు కాంట్రాక్టరు సంస్థ పని ముగిసిన రెండేళ్లకే మూతపడొచ్చు, పేరు మార్చుకోవచ్చు. ముఠాలో ఎవరెవరున్నారో, ఏ అంతస్తులో ఎన్ని రోజులు పనిచేశారో, పనికి ముందూ తర్వాతా వాళ్ల ఎక్స్‌రే, స్పైరోమెట్రీ ఎలా ఉన్నాయో రాసి దాచాల్సింది అసలు యజమాని అయిన విద్యుత్ సంస్థ. ఒక నకలు కార్మికుడి చేతికీ ఇవ్వాలి, ఏ డాక్టర్‌కైనా చూపించుకునేలా. 2025లో ఇరవై రెండేళ్ల వయసున్న హెల్పర్ ఒకడు పాత బాయిలర్ మీద మూడు నెలలు లాగింగ్ విప్పాడనుకుంటే, 1995 తీర్పు పెట్టిన గడువు ప్రకారం అతని పేరు, అతని ఎక్స్‌రే 2065 దాకా అడిగిన రోజున దొరకాలి.